ఏదో ఒక అంకె

నాలుగు రోజులు ఆఫీసు, రెండు రోజులు క్లాసు.
అర్థశాస్త్రం డిగ్రీ ఇలా వాయిదాల్లో వస్తోంది.
గుణుపురం గణాంకాల ఆఫీసులో
నా కుర్చీకి ఒక కాలు పొట్టి.
పాఢీబాబు దాని కింద
పాత జనాభా లెక్కల అట్ట మడిచి పెట్టాడు.

మంగళవారం సంతలో ధరలు రాసుకురావాలి.
చింతపండు కిలో ఎంతని
ఒడియాలో అడిగాను, తెలుగులో అడిగాను.
సొంబారి సవరలో ఏదో అని నవ్వి
మానెడు చింతపండు పక్క గంపలోకి వొంపింది.
ఆ గంపామె దోసెడు ఉప్పు పోసింది.
నోటు ఎవరూ తియ్యలేదు.

ఫారంలో గీత పెట్టాను.
“గీతంటే భువనేశ్వర్ ఊరుకోదు,
ఏదో ఒక అంకె వెయ్యి”
అన్నాడు పాఢీబాబు, పాన్ బుగ్గన పెట్టుకుని.
నలభై రెండు వేశాను.

శుక్రవారం మాస్టారు గీసిన గిరాకీ రేఖ
బోర్డు మీద నున్నగా జారింది,
ఘాటీ లేని రోడ్డులా.
మొన్న నివేదిక వచ్చింది.
నా నలభై రెండు అందులో ఉంది,
చుక్క పక్కన రెండు సున్నాలు తగిలించుకుని,
ఎవరో పెద్దమనిషిలా.

నా నోట్సు అంచున మాత్రం
పెన్సిల్‌తో ఉంది:
మానెడుకి దోసెడు.
దోసిలి ఉప్పామెది.
సొంబారి చేతులు ఇంకా పెద్దవి.