ఊదా సీసా

నాలుగువేల రెండువందలు పెట్టి
నెత్తి మీద తేనెరంగు గీతలు గీయించుకున్న మూడోవారం
కుమార్‌పల్లి మార్కెట్ కాడి ఫ్యాన్సీ షాపుల
మూడు సీసాల ముందట నిలబడ్డ.

ఒకటి మూడువందల నలభై, సల్ఫేట్ లేదంటది.
ఒకటి ఆరువందలు. ఊదారంగు.
ఇంకోటి కొబ్బరికాయ బొమ్మ తప్ప
ఏం చెప్పది.

షాపు పిల్ల శ్రీహిత
"ఊదాది వారానికొక్కసారే మేడమ్,
రోజూ రుద్దితే నెత్తికి వంకాయ రంగొస్తది" అన్నది.
పసుపు మీద ఊదా పడితే పసుపు సచ్చిపోతదట.
నేను చదివిన బడిల
రంగుల చక్రం పటం తలకిందులు వేలాడేది,
ఎవ్వరూ సరిచెయ్యలే.

కాజీపేట స్టేషన్ల టికెట్ కౌంటర్ నాది.
మొన్న ఒక అవ్వ సిర్పూరుకు రెండు అని
పైసలు లోపలికి తోసి
చిల్లర మర్చిపోయి నా నెత్తే చూసింది.
"ఎండకు మాడినయా బిడ్డా?"
"లేదవ్వా, పైసలిచ్చి మాడిపిచ్చుకున్న."

తెలుసు నాకు, తప్పు ఎక్కడ జరిగిందో.
మొదటి తానం పాత షాంపూతోనే చేసిన,
పొగలు కక్కే బోరు నీళ్లతో.
మా కొత్తవాడ బోరు నీళ్లు
బకెటుకు సున్నం ఏస్తయి.
నురుగు తేనెరంగుల తూము దాకా నడిచిపోతుంటే
నాలుగువేల రెండువందలల్ల ఎంత పోయిందో
లెక్కగట్టుకుంట నిలబడ్డ.

రెండు సీసాలు కొనుక్కొచ్చి బల్ల మీద పెడితే
అత్తమ్మ ముఖం తిప్పుకున్నది.
"కుంకుడుకాయలు రూపాయికి దోసెడు దొరికిన ఇల్లు ఇది."

మామ ఓదేలు సీసా అందుకున్నడు.
జంపుఖానల నూలుకు నలభై ఏండ్లు రంగు ముంచిన చేతులు,
గోళ్ల సందుల నీలం ఇంకా పోలే.
చిన్నక్షరాలు కండ్లకు ఆనలే,
చుక్క అరచేతిల ఏసుకుని రుద్దిండు, వాసన చూసిండు.
"నురుగు తక్కువ. మంచిదే.
నురుగు ఎక్కువున్నది దొంగ,
మురికితోటి రంగును గూడ ఎత్కపోతది."

అత్తమ్మ: "మరి కుంకుడు?"
"నీ నెత్తికి మంచిదే.
కోడలిది ఇప్పుడు నెత్తి కాదే, అద్దకం."

గంతే, ఇగ ఆగలే.
రంగు తాగినంక మూడొద్దులు నీళ్లు చూపెట్టొద్దన్నడు.
వేడి నీళ్లు తలుపులు తీస్తయి,
సల్ల నీళ్లు గొళ్లెం పెడ్తయన్నడు.
బోరు ముట్టకు, నల్లా నీళ్లు పట్టుమన్నడు.
ఒక్క ఏడు ఎరుపు కారిందట,
సొసైటీ ముప్పై ఆరు జంపుఖానలు తిప్పి పంపిందట,
ఆ నష్టం కూలిల కోసిన్రట.
"గా దినం సంది నీళ్లను నమ్మ" అన్నడు
నల్లా దిక్కు చూసుకుంట,
పాత బాకీదారును చూసినట్టు.

అద్దకం షెడ్డు మూతబడి పదకొండేండ్లు.
ఆయనను రంగు గురించి అడిగినోళ్లు
ఇంట్ల ఒక్కరూ లేరు ఇన్నొద్దులు.
నేనూ అడగలే.
నా నెత్తి అడిగింది.

ఇప్పుడు నల్లా వచ్చే నాడే నా తలస్నానం.
ఒకనాడు తప్పి ఒకనాడు, తెల్లారి ఐదుకు.
మామ తలుపవతల నుంచి,
"ఆఖరి చెంబు నీళ్లు పారబొయ్యకు, చూస్త."
స్టీలు చెంబును బల్బు కింద వంచి చూస్తడు.
ఒక్కోనాడు తల ఊపుతడు.
ఒక్కోనాడు ఏమీ అనకుండ పోయి
చాయ్ పెట్టుకుంటడు,
ఆ దినం కౌంటర్ల నా మనసు నిలువది.

సల్ఫేట్ లేని సీసా లెక్క ప్రకారమే తగ్గుతున్నది.
ఊదాది నేను వారానికొక్కసారే,
గోటి మందం.
అయినా సగం అయిపోయింది.

ఐతారం దర్వాజ కాడ ఎండల కూసుని
అత్తమ్మ ఎంట్రుకలు ఆరబెట్టుకుంటున్నది.
ఏండ్ల నూనెకు పచ్చబడ్డ నెరుపు
కొత్త అల్యూమినియం గిన్నె లెక్క తళతళ,
చెవి ఎనక మాత్రం
ఇంత ఊదా మరక.

"కుంకుడుకాయలే బిడ్డా" అన్నది,
నేను అడగకముందే.