ఏడో రోలర్

ఆరుంపావుకి జ్ఞానాపురం వంతెన దిగేసరికే
జేబులో ఫోను వందసార్లు వణికేది.
దాన్నే పని అనుకునేవాణ్ణి.

వచ్చిన ప్రతి మెసేజీకీ బదులు,
ప్రతి బదులుకీ ఇంకో ప్రశ్న,
రెండు మీటింగుల మధ్య రాయైపోయిన ఇడ్లీ,
"సారు బిజీ" అనుకుంటూ
గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగే చెప్పుల చప్పుడు.
ఆ మాట నాకు పతకంలా ఉండేది.

నూకరాజు మూడుసార్లు వచ్చాడు.
మొదటిసారి నేను ఫోన్లో ఉన్నాను.
రెండోసారి కూర్చోమన్నాను, తలెత్తలేదు.
మూడోసారి గుమ్మంలోంచే అన్నాడు:
"ఏడో రోలరు ఏడుస్తన్నాది బాబూ, ఓపాలి సూడండి."
మెయిల్ పెట్టమన్నాను.
ఇరవై ఆరేళ్ళు గ్రీజు పూసిన చేతుల్ని
మెయిల్ పెట్టమన్నాను.

గురువారం రాత్రి రెండుంపావుకి
బెల్టు నిలువునా చీలింది.
ఖనిజం ఎర్రగా కక్కుకున్నట్టు నేలంతా.
పంతొమ్మిది గంటలు బెర్తులో ఓడ ఊరికే నిలబడింది.
డాల్ఫిన్ నోస్ మీది దీపం
తిరిగి తిరిగి నా మొహాన్నే వెతుకుతున్నట్టుంది.
ఎవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే.
విచారణ కాయితంలో "రోలర్ లోపం" అని రాశారు.
చెవి లోపం అని రాసే గడి
ఆ కాయితంలో లేదు.

తెల్లారి, ఫోను లేకుండా
బెల్టు పొడవునా నడిచాను.
ఎనిమిది వందల మీటర్లు.
మధ్యలో దుమ్ము ఊడుస్తున్నావిడ పేరు పైడమ్మ.
అది తెలుసుకోడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఇప్పుడు మొదటి అరగంట చెవులది.
ఫోను సొరుగులో, తాళంచెవి పైడమ్మ కొంగుముడిలో.
ముందుగా అడిగితే ఇవ్వదు,
"అరగంటవనేదు కదా" అంటుంది.

తలుపు వెనక సుద్దముక్కతో మూడే పనులు.
నాలుగోది రావాలంటే ఒకటి చెరగాలి.
హెడ్డాఫీసు "అర్జెంటు" అన్నప్పుడు
"ఏది చెరపమంటారు?" అంటాను.
అవతల కాసేపు
సముద్రం వినిపిస్తుంది.

మీటింగు నిలబడే, టీ చల్లారేలోపు.
మొదటి మాట అందరికన్నా చిన్నవాడిది.
ట్రైనీ ఢిల్లేశు మొదటివారం నత్తాడు.
రెండోవారం, అందరి ముందూ,
నా లెక్క తప్పన్నాడు.
తప్పే.
టీతోపాటు మింగాను. కొంచెం అడ్డంపడింది.

అన్నీ కుదిరాయనను.
మొన్న మంగళవారం అరిచాను, అదీ అనవసరంగా.
మర్నాడు టీ దగ్గర
అరిచిన చోటే, విన్నవాళ్ళందరి ముందూ,
తప్పు నాదన్నాను.
అరవడానికి అర నిమిషం చాలింది,
దీనికి రాత్రంతా పట్టింది.

జూలైలో జ్వరమొచ్చి నాలుగురోజులు
కంచరపాలెం ఇంట్లో పడుకున్నాను.
ఫోను దిండు పక్కనే. మోగలేదు.
మొదటిరోజు హాయి.
రెండోరోజు ఛార్జింగు ఉందో లేదో చూశాను.
మూడోరోజు, చెప్పుకోడానికి సిగ్గు,
నేను లేకుండా నడుస్తున్నందుకు కోపమొచ్చింది.

నాలుగోరోజు చీకటిపడ్డాక నూకరాజు చేశాడు.
"పదకొండోది మూలగడం మొదలెట్టింది బాబూ,
ఢిల్లేశు ఇన్నాడు. మార్సీసినాం.
జొరం కదా అని సెప్పనేదు."

తర్వాత ఏమనాలో ఇద్దరికీ తోచలేదు.
అతను ఫోను పెట్టెయ్యలేదు.
వెనకాల బెల్టు నడుస్తోంది.
దుప్పటి చెవిమీంచి తీసి
వింటూ పడుకున్నాను.