దారికి మార్కులు

బీరువా తలుపు మోకాలితో నొక్కితే గాని పడదు.
లోపల నూటా పద్నాలుగు కవర్లు.
టెన్తువి, ఇంటరువి, టీసీలు.
ఫీజు బాకీ పడి వదిలేసినవి,
అడగనీకె మొగం చెల్లక వదిలేసినవి.
ఇరవై ఏండ్లుగా వాటికి కాపలా
దుమ్మూ, నేనూ.
జీతం నాకే.

కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు ఒకనాడు అన్నాడు:
"పోయి ఎవరివి వాళ్ళకు ఇచ్చి రామ్మా.
మిగిలిన పేపర్లు రాస్తారేమో అడుగు."
బాకీలు? అన్నాను.
"నేను చూసుకుంటా."
ఎట్లా చూసుకున్నాడో ఇప్పటికీ తెలీదు.

ఆదోని అంతా తిరిగినా.
కొందరు కవరు తీసుకొని తలుపేసుకున్నారు.
ఒకామె పాత హాల్ టికెట్ మీది ఫోటో చూసి
"ఈ పిల్ల ఎవరు మేడం?" అని నవ్వి
నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.
ఇంకో ఇంట్లో కవరు అందుకోనీకె మనిషే లేడు.
తమ్ముడు సంతకం పెట్టినాడు,
అన్న పేరు రాసి.

ఉరుకుందప్ప మార్కెట్ యార్డులో దొరికినాడు.
దడవాయి.
పత్తి బోరాల నడుమ, కాటా ముందర,
పంతొమ్మిదేండ్లుగా.
బీకాం. ఒక్క పేపరు. స్టాటిస్టిక్స్.
"సప్లిమెంటరీ దినమే యార్డుకు సరుకు విరగబడె మేడం.
కూలి రెండింతలనిరి. పోతి.
మర్సటేడు రాస్తామనుకుంటి.
మర్సటేడు గూడా పత్తి వచ్చె."
కవరును అరచేతిలో రెండు తడవలు ఎగరేసి
తూకం చెప్పినాడు:
"నూరు గ్రాములు గూడా లేదే."

సాయంత్రాలు కాలేజీకి రమ్మంటే
మొదటి దినం ఏడుగురు వచ్చినారు.
జిన్నింగు మిల్లు నుంచి షేకూన్‌బీ,
జడలో దూది పోగులతో.
డిపో మెకానిక్కు ఈరన్న,
గ్రీసు చేతులు వెనక దాచుకొని.
ముగ్గురు రెండో దినం రాలేదు.

గెస్ట్ లెక్చరర్ పద్మజ్యోతి,
ఉరుకుందప్ప డిగ్రీలో చేరిన ఏడు
బళ్ళో చేరిన పిల్ల.
ఆమె బోర్డు మీద లెక్క వేసి తిరిగేలోపల
ఆయన జవాబు చెప్తాడు.
నలభై మూడు పాయింట్ ఆరు.
"కరెక్టే సార్. ఎట్లా వచ్చింది?"
"వచ్చె మేడం."
"దారి చూపించాల కదా. సూత్రం, మెట్లు..."
"యార్డులో దారి ఎవురడుగుతారమ్మా?
కడాకు ఎంత అని అడుగుతారు గాని."

ఆ పిల్ల చాక్‌పీస్ పక్కన పెట్టి
మెల్లగా అనింది:
"ఇక్కడ జవాబుకు ఒక్క మార్కే సార్.
మిగిలిన నాలుగూ దారికి."

చానా సేపు మాట్లాడలేదు ఆయన.
తర్వాత నోటుబుక్కు తిప్పి
ఒక్కో మెట్టూ దిగి రాయబట్టినాడు,
నలభై ఏండ్లకు ఒకరు
ఎట్లా వస్తివప్పా ఇందాక
అని అడిగినట్టు.

ఈ యేడు గూడా పరీక్ష పత్తి కాలంలోనే పడింది.
ఆ దినం కూలి ఎంత పోయిందో ఆయన చెప్పలేదు,
నేను అడగలేదు.
బెంచి చాలక మోకాళ్ళు పక్కకు తిప్పి కూచున్నాడు.
మూడు గంటలూ నేను వరండాలోనే,
నీళ్ళ డ్రమ్ము దగ్గర,
పనేమీ లేకపోయినా.
కిటికీలోంచి చూస్తే
అడిషనల్ షీటుకు చెయ్యెత్తినాడు.
క్వింటాళ్ళు మోసిన చెయ్యి,
వేళ్ళు మాత్రం వణికినాయి.

జనవరిలో రిజల్టు.
షేకూన్‌బీ పాసు. ఈరన్న పాసు,
స్వీట్లు తెచ్చినాడు, డబ్బా మీద గ్రీసు వేలిముద్రతో.
ఉరుకుందప్పకు ముప్పై రెండు.
ముప్పై అయిదు కావాల.

చెప్పనీకె నేనే యార్డుకు పోతి.
కాటా మీద అంకె ఆడుతుండె.
నిలిచేదాకా ఆగమని చెయ్యి చూపించినాడు.
నిలిచె. రాసుకున్నాడు.
అప్పుడు విన్నాడు.

"మూడు తక్కువ"
అన్నాడు, తరుగు తీసినట్టు.
చీటీ వెనక్కి తిప్పి
చెవి మీది పెన్ను తీసి
అడిగినాడు:
"మళ్ళీ ఫీజు ఎప్పుడు కట్టాల?"