రెండు బారల వెలుగు

జీడిపప్పు డబ్బా. లోపలంతా మసి పూశాం.
దొంగనోట్లు పట్టే దీపం ఒకటి,
కాశీబుగ్గ బేటరీ షాపువాడు పోసిన నాలుగు చుక్కల యాసిడ్,
మందస ఆసుపత్రిలో మిగిలిన చేదుమాత్ర.
పలాస కాలేజీ లేబులో ఇంతే సరంజామా.

దీపం సెకనుకి పదిలక్షల సార్లు రెప్పలార్పుతుంది.
క్వినైన్ నీళ్లు నీలంగా బదులిస్తాయి,
కాస్త ఆలస్యంగా.
ఆ కాస్త ఎంత?

"తప్పెటగుళ్లలో ఎనకవరస అడుగులాగుంది మేడమ్" అన్నాడు
అటెండరు తవిటయ్య,
ఇరవయ్యేళ్లు గుండెకి తప్పెట కట్టినవాడు.
"ముందోడ్ని కూసింత ఆపీండి. ఎనకోడు కలిసిపోతాడు."

ఆపడానికి కేబుల్ టీవీ వైరు దొరికింది.
దీపం అలని అందులోంచి నడిపించాం.
మూర.
ఇంకో మూర.
పాత ఆసిలోస్కోపు మీద
రెండు గీతలూ ఒకే గీతయ్యేదాకా.

తవిటయ్య చేతులు చాచి కొలిచాడు:
రెండు బారలు, పైన జానెడు.

లక్షల మిషనైతే నానోసెకన్లలో చెబుతుంది.
లెక్క కట్టి నేనూ పంతొమ్మిదని రాశాను
రికార్డు పుస్తకంలో.

ఆరు కొట్టింది.
వెలుగు ఆయుష్షుని చుట్ట చుట్టి
భుజాన తగిలించుకుని సైకిలెక్కాడు తవిటయ్య.
సీరియల్ టైముకి
ఆ వైరు ఎవరింటికో వెయ్యాలట.