రబ్బరు పొడి

వాల్దీవియాలో వాన
అడిగి రాదు, చెప్పి పోదు.
కాలేజీ లైబ్రరీ గుమ్మంలో గొడుగుల కోసం
చేపల బకెట్టు ఒకటి పెట్టాం.
ఎంత కడిగినా దాని వాసన దానిదే.

నెలలో రెండో గురువారం చదువుల సాయంత్రం.
ఊళ్ళో ఎవరైనా రావచ్చు, కార్డు అక్కర్లేదు.
ఈసారి రావలసిన కవి
కొర్రాల్ రేవులోనే చిక్కుబడిపోయాడు,
అలలకి పడవ ఆపేశారట.
ముప్ఫై కుర్చీలు వేశాను.
పదకొండుమంది వచ్చారు.
గుమ్మడికాయ సూపు మాత్రం ముప్ఫైమందికి కాగుతోంది.

"కవి లేకపోతే ఏం, కాగితాలు లేవా?" అన్నాడు
మా పెద్ద లైబ్రేరియన్ ఎవారిస్తో.
ఎవరి దగ్గర ఏముంటే అది చదవమన్నాడు.
కోతమిల్లు కుర్రాడు
రంపం వాడే పద్ధతి చదివాడు.
"వేళ్ళు దూరంగా ఉంచవలెను" దగ్గర
తన మూడువేళ్ళ చెయ్యి పైకెత్తాడు.
నవ్వాలో వద్దో తెలీక సూపు తాగాం.
పడవ సరంగు జేబులో కరెంటు బిల్లే ఉంది,
దాన్నే నిలబడి చదివాడు,
మొత్తం దగ్గరికొచ్చేసరికి గొంతు పూడుకుపోయింది.
ఆయెలెన్, మొదటి సంవత్సరం పిల్ల,
వాళ్ళమ్మమ్మ మందుల చీటీ చదివింది,
జపమాల తిప్పినంత నెమ్మదిగా.

ఓటిలియా మాత్రం ఏమీ తేలేదు.
నది ఒడ్డు అంగట్లో చేపలు కోస్తుంది.
ఏప్రాను విప్పకుండానే వచ్చింది,
జేబు అంచున పొలుసులు మెరుస్తున్నాయి.
"ఇక్కడ నర్సింగు చదివాను," అంది, "ఒక్క ఏడాది.
కిటికీ పక్కన లావుపాటి పుస్తకం ఉండేది,
ఒంటి గురించి. ఉందా?"

ఉంది.
అట్ట ఊడి, వెన్నుకి పట్టీ వేసుకుని,
మెట్ల కింద, పారేయాల్సిన వాటిలో.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి.
తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ పేజీ పేజీ తిప్పి
పెన్సిలు రాతలు చెరపడం నా పని.
పన్నెండేళ్ళుగా చేస్తున్నాను. శుభ్రంగా చేస్తాను.
సాయంత్రానికి నా బల్లమీద
బూడిదరంగు పొడి గుప్పెడు పోగవుతుంది.
ఉఫ్‌మని ఊదేస్తాను.

గుండె బొమ్మ ఉన్న పేజీ
పక్క పేజీకి అంటుకుపోయింది, ఏ చలికాలపు తేమకో.
అందుకే నా చేతికి చిక్కలేదు.
ఓటిలియా సన్న కత్తి తీసి
చేప పొట్ట తెరిచినంత మెల్లగా విడదీసింది.

అంచున గుండ్రటి అక్షరాలు:
"రక్తం వెనక్కి ఎందుకు రాదు? అర్థం కావట్లేదు."
"నాదే," అంది.
"క్లాసులో అడగడానికి సిగ్గేసింది.
ఆ చలికాలం అంగట్లో చెయ్యి తక్కువై పిలిచారు,
మళ్ళీ రాలేదు."

కింద ఇంకెవరిదో వాలు చేతిరాత:
"తలుపులున్నాయి. ఒక్కవైపే తెరుచుకుంటాయి."
దాని కింద, నీలిసిరాతో, మరెవరో:
"పరీక్షలో ఇదే వచ్చింది. మీ ఇద్దరికీ రుణపడ్డాను."

గట్టిగా చదివింది ఓటిలియా,
మూడు గొంతులూ తనే అయి.
నది మెట్లమీద సముద్రసింహాలు అరిచాయి.
ఎవరో గరిట కింద పెట్టారు.
"ఇరవై ఆరేళ్ళు," అంది,
"జవాబు ఇక్కడే కూచుని ఉందన్నమాట.
నేనేమో చేపల్లో వెతుక్కున్నాను.
చేప గుండెకీ ఉంటాయి ఆ తలుపులు.
గోటిముక్కంత. చూశాను."

నాకు సూపు దిగలేదు.
పన్నెండేళ్ళు.
ఎన్ని ప్రశ్నలు ఊదేశానో.
ఏ ప్రశ్నని వెతుక్కుంటూ ఏ జవాబు వచ్చి
తెల్లటి అంచు చూసి వెనుదిరిగిందో.

ఎవారిస్తో గోడమీది బోర్డు వైపు చూశాడు:
"పుస్తకాలపై రాయరాదు." నా చేతిరాతే అది.
తర్వాత కిటికీ వైపు చూశాడు, చాలాసేపు.
చెవి వెనక పెన్సిలు తీసి ఆమెకిచ్చాను.
తడిచేతిని ఏప్రానుకి తుడుచుకుని
ఏదో రాసింది.
నేను చదవలేదు.

మిగిలిన సూపు
సీసాల్లో పోసి అందరికీ కట్టిచ్చాం.
పుస్తకాన్ని మెట్ల కిందికి తీసుకెళ్ళమని
ఎవరూ నాకు చెప్పలేదు.
ఓటిలియా గొడుగు మర్చిపోయింది.
బకెట్లో ఉంది.