లేసు పేక

గనిరాజు ప్రెస్సు నుంచి నమూనా కట్ట వచ్చింది,
సిరా వాసన ఇంకా పోలేదు.
లుంగీకి చేతులు రెండుసార్లు తుడుచుకుని
పైముక్క వంచి వదిలాను.
టప్పున లేచింది. ప్రాణముంది.

విసనకర్రలా విప్పితే
ఆటీను రాణి దగ్గర చిన్న తడబాటు.
వశిష్ఠ గాలి ఇది,
అప్పడాన్నే అరగంటలో మెత్తబరుస్తుంది,
అట్టముక్క ఎంత?
రేపు సాయంత్రందాకా కిటికీలో పెట్టి చూడాలి.

అంచులు మాత్రం నున్నగా కోశాడు.
అరచేతిలో దాచిన కళావరు ఏడు
చెమటకి అంటుకోకుండా జారింది, చేపపిల్లలా.

వెనకవైపు సువార్తమ్మ అల్లిన లేసు,
నరసాపురం పనితనం, పువ్వులో పువ్వు.
ఎటు తిప్పినా ఒక్కలాగే ఉండాలని
మూడుసార్లు చెప్పాను.
భూతద్దం పెడితే దొరికింది:
పైమూల పువ్వుకి ఐదు రేకులు,
కిందమూల ఆరు.

ఆవిడ చిన్నబుచ్చుకుంది.
"కరెంటు పోయినప్పుడు అల్లానండి, లెక్క తప్పింది.
విప్పేసి మళ్ళీ అల్లుతాను."

నేను ముక్కలన్నీ ఒకవైపుకే సర్ది
ఒకటి తీయమన్నాను.
ఆవిడ చూసుకునే లోపు
నా చేతిలో కట్ట ఊరికే అటు తిరిగింది.
పెట్టమన్నాను. కలిపాను. బల్లమీద పరిచాను.
యాభై రెండు పువ్వుల బారులో
ఒక్క పువ్వు ఎదురీదుతోంది.
ఇస్పేటు తొమ్మిది.

"అమ్మో, ఎలాగండీ?"
చెప్పలేదు.
"ఆ రేకు జోలికెళ్ళకు,
వెయ్యి కట్టలూ అలాగే కొట్టమను" అన్నాను.

చెప్పులేసుకుంటూ, గుమ్మంలో,
వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంటోంది.
నాలుగు, ఐదు...
ఆగింది. వెనక్కి చూసింది.