గట్టు మీద రెండు గడియారాలు

మైపాడు రోడ్డు దిగి కుడికి తిరిగితే
ఆరు రొయ్యల గుంటలు.
వాటికి కాపలా నేను, మస్తానయ్యని.
పదకొండేళ్లుగా
రాత్రిళ్లు మేలుకుని అమ్ముకుంటా ఉండా.

ఆసామి మేడ మీది గదిలో
ఇనేస్ అనే అమ్మాయి దిగింది, ఆర్నెల్ల వీసా మీద.
వాళ్లది ఉరుగ్వే.
ఆ పేరుకి నా నోరు తిరగను నాలుగు రోజులు పట్టింది.
నా పేరుకి ఆమెకి వారం.

సాయంత్రం అయిదున్నరకి ఆమె పని మొదలు,
అప్పుడు వాళ్లకి పొద్దున తొమ్మిదంట.
ఎవరి కారు ఎవరు గుద్దారో
బీమా డబ్బు ఎంత రావాలో తేల్చాలంట.
ఏడనో వీధిలో పగిలిన అద్దానికి
ఈడ దోమల చక్రం ముట్టించుకుని లెక్కలు.

రాత్రి రెండున్నరకి లాప్‌టాప్ మూస్తది.
నేను మీటరు ముంచి
నీళ్లలో ఊపిరి ఎంతుండాదో చూసే వేళ అది.
ఊరు మొత్తంలో ఆ గంటకి మెలకువగా ఉండేది
నేను, ఆమె, ఏరియేటర్లు.
బీడీ నాది. టీ ఇద్దరిదీ.

గోడకి ఒక కాగితం అంటించుకుంది:
ఉదయగిరి కోట, సోమశిల,
వెంకటగిరి మగ్గాలు, నేలపట్టు గూడబాతులు.
"పగలంతా నాదే కదా" అనింది వచ్చిన కొత్తలో.
పగలు ఆమెది కాదు, నిద్రది.
నిద్ర వదిలిన కాస్తా ఎండది.
ఒకసారి ఉదయగిరి కొండ సగం ఎక్కి
ఒంటిగంట బస్సు కోసం దిగొచ్చేసింది.
అయిదున్నరకి అందరికీ నవ్వుతా హలో చెప్పింది,
ప్యాంటుకి పల్లేరు కాయలు అట్నే ఉండాయి.
మిగతా సగం కొండ
ఇంకా ఆణ్ణే ఉండాది.

"నువ్వు చూశావా అవన్నీ?" అని అడిగింది నన్ను.
పుట్టిన జిల్లా. నలభై ఎనిమిదేళ్లు.
పంట పట్టినాక పోదామనుకుంటా,
పట్టిన వారానికే ఆసామి మళ్లీ పిల్లని వదులుతాడు.
నవ్వి ఊరుకున్నా.

కార్తీక మాసంలో వాయుగుండం పట్టింది.
రాత్రి పదకొండుకి కరెంటు పోయింది.
లాప్‌టాప్‌ని రెయిన్‌కోటులో చుట్టుకుని
జనరేటర్ షెడ్డుకి పరిగెత్తుకొచ్చింది.
న్యాయంగా అది రొయ్యల కరెంటు.
బల్బు పీకి ఆమెకి ఒక ప్లగ్గు ఇచ్చినా.
చీకట్లో, మేత మూట మీద కూచుని,
డీజిల్ మోతలో గొంతు చించుకుంటా మీటింగు.
ఎవరో ఏందో అడిగారు,
ఆమె తెర నా వైపు తిప్పింది.
ఎనిమిది మొహాలు చెయ్యి ఊపాయి.
నేను వాళ్లని చూడలా.
ఒకాయన వెనక కిటికీ ఉండాది,
దాంట్లో ఎండ,
మధ్యాన్నం రెండున్నర ఎండ,
కర్టెను మీద పచ్చగా.
ఈడ వాన షెడ్డు రేకుల్ని పీకేస్తుంటే
నేను చూసిన మొదటి విదేశం
ఆ జానెడు ఎండ.

సంక్రాంతి దాటినాక గుంటలు పట్టేశాం.
ఐసు లారీ చెన్నైకి బయల్దేరతా ఉండాది, తెల్లారుజామున మూడుకి.
ఆమె పని అప్పుడే అయింది.
వీసాలో ఇంక పన్నెండు రోజులు.
ఇద్దరం క్యాబిన్‌లో ఇరుక్కున్నాం,
కాళ్ల కింద ఐసు నీళ్లు, మధ్యలో డ్రైవరు పళని పాటలు.
నాయుడుపేట దాటినాక దించేసి పోయాడు.

నేలపట్టులో వెలుగొచ్చే వేళకి
నీళ్లలో నిలబడిన చెట్ల నిండా తెల్లగా కదులుతుండాది.
గూడబాతులు పులికాట్ దాకా పోయి
సంచి మూతుల్లో చేప తెచ్చి
పిల్లల నోట్లో కక్కి, మళ్లీ లేస్తా ఉండాయి.
వాటికి తిరుగుడు వేరే, పని వేరే అని ఉన్నట్టు లేదు.
ఇది చెప్దామని తిరిగితే

బెంచీ మీద, బ్యాగు తలకింద పెట్టుకుని
నోరు తెరుచుకుని నిద్రపోతా ఉండాది ఇనేస్.
లేపలా.
లేపకుండా ఎట్టా అని రెండుసార్లు లేచి,
మళ్లీ కూచున్నా.

ఆ కాగితంలో నేలపట్టు కొట్టేయచ్చా, కూడదా?
వచ్చింది నిజం. చూసింది నేను.
ఇట్టాంటి లెక్కలు తేల్చడం ఆమె పనే కదా,
సాయంత్రం అయిదున్నరకి ముందే
ఇది కూడా తేల్చమంటా.